ఊరంచు గుట్టల మీద మిగిలిన అడవి
వనజీవి దరిపల్లి రామయ్య స్మారకోపన్యాస పాఠం

2025 ఏప్రిల్ 12న ఖమ్మం జిల్లా రెడ్డిపల్లిలో వనజీవి దరిపల్లి రామయ్య కన్నుమూశారు. అంతకు తొమ్మిది రోజుల ముందు, ఏప్రిల్ 3న, హైదరాబాదు కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేత తక్షణం ఆపమని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆయన పోయిన నాలుగు రోజులకు, 16వ తేదీన, నరికేసిన వంద ఎకరాలను మళ్లీ అడవిగా ఎలా మారుస్తారో చెప్పమని అదే కోర్టు తెలంగాణ ప్రభుత్వాన్ని నిలదీసింది. జీవితమంతా మొక్కలు నాటిన మనిషి వెళ్లిపోతున్న రోజుల్లోనే, ఎవరూ నాటకుండా పెరిగిన అడవి కోసం విద్యార్థులు యంత్రాలకు అడ్డుపడి పోలీసు వ్యాన్లెక్కారు. తేదీలు అలా కలిసిరావడం కాకతాళీయమే. అయినా రామయ్య స్మృతిలో జరిగే ఉపన్యాసం ఆ రెంటినీ కలిపి చూడకుండా ముందుకు పోలేదు.

రామయ్యకు 2017లో పద్మశ్రీ వచ్చింది. కోటి మొక్కల మనిషిగా దేశం ఆయన్ని గుర్తుపెట్టుకుంది. ఆ కోటి ఎలా అయిందన్నది మాత్రం తక్కువమంది పట్టించుకున్నారు. ఆయనకు నర్సరీ వ్యాపారం లేదు, పథకం నిధులు లేవు. ఎండాకాలంలో చెట్ల కింద రాలిన గింజలు ఏరేవారు. ఎండబెట్టి, సంచుల్లో కట్టి దాచేవారు. వానలు మొదలవగానే సైకిలు మీద వేసుకుని రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద, బడుల ఆవరణల్లో వేసుకుంటూ పోయేవారు. భార్య జానమ్మ ఆ పనిలో సగం. సంచిలోని గింజ ప్రతిదీ ఎక్కడో నిలిచి ఉన్న చెట్టు ఇచ్చిందే. ఆ చెట్టు లేకపోతే సంచి ఖాళీ. ఆయన్ని పొగిడే సభల్లో మొక్కల సంఖ్య వినిపించినంతగా ఈ సంగతి వినిపించదు. ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్నదంతా దాని మీదే నిలబడుతుంది: నిలిచి ఉన్నదాన్ని పోగొట్టుకుని నాటుకోవడం మొదలుపెట్టిన ఊరు ఎప్పటికీ వెనకబడే ఉంటుంది. హైదరాబాదు ఆ స్థితికి చేరింది. చిత్తూరు సీమలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఇంకా చేరలేదు.

ముందు హైదరాబాదు కథ. 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని కోసం 2,300 ఎకరాలకు పైగా కేటాయించారు. ఊరికి దూరంగా, బండరాళ్లు, కుంటలు, పొదలు నిండిన కంచ అది. ఐటీ కంపెనీలు గచ్చిబౌలికి వచ్చేదాకా దాని మీద ఎవరి కళ్లూ పడలేదు. 2003లో అందులో 400 ఎకరాలను ఒక క్రీడల సంస్థకు కేటాయించారు. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. కోర్టు వ్యాజ్యాలు పద్దెనిమిదేళ్లు నడిచాయి. 2024లో ఆ భూమి ప్రభుత్వానిదేనని తేలింది, పరిశ్రమల మౌలిక సదుపాయాల సంస్థ చేతికి వెళ్లింది. 2025 మార్చి 30న, ఉగాది సెలవు రోజున, భూమి చదును చేసే యంత్రాలు లోపలికి దిగాయి. వరస సెలవుల్లో అంత తొందరేమొచ్చిందని తరువాత సుప్రీంకోర్టు అడిగింది.

ఆ యాభై ఏళ్లలో ఆ 400 ఎకరాలు ఎవరివన్నదాని మీద కాగితాలు కుప్పలు పడ్డాయి. అక్కడ ఏముందన్నదాని మీద ప్రభుత్వం అంత శ్రద్ధ పెట్టలేదు. అది చెప్పేవి ఎక్కువగా విశ్వవిద్యాలయ పరిశోధకులు, పక్షి ప్రేమికులు సొంతంగా రాసుకున్న జాబితాలే: ఏడు వందలకు పైగా పూల మొక్కల జాతులు, రెండు వందల ఇరవై దాకా పక్షి జాతులు, చుక్కల దుప్పులు, నక్షత్ర తాబేళ్లు. రెవెన్యూ రికార్డుల్లో అది అడవి కాదన్న వాదన ప్రభుత్వం వైపు నుంచి వచ్చింది. రికార్డు మాట నిజమే. నేల మీద నిజం వేరు. సుప్రీంకోర్టు పంపిన రిజిస్ట్రార్ వెళ్లి చూసేసరికి వంద ఎకరాలు నేలమట్టమై ఉంది, నెమళ్లు, జింకలు ఆ మోళ్ల మధ్య కనిపించాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. మిగతా మూడొందల ఎకరాలైనా నిలవడానికి కారణం విద్యార్థుల పట్టుదల, కోర్టు వేగం. ఆ రెండూ ప్రతి ఊరికీ, ప్రతిసారీ దొరకవు.

చట్టం నిజానికి ఎప్పుడో దారి చూపింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చి చెప్పింది: రికార్డులో ఏమని రాసి ఉన్నా, యజమాని ఎవరైనా, నేల మీద అడవి లక్షణాలుంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం దానికి వర్తిస్తుంది. అలాంటి భూములను గుర్తించి జాబితా చేయడానికి రాష్ట్రాలు నిపుణుల కమిటీలు వేయాలని కూడా చెప్పింది. చాలా రాష్ట్రాలు ఆ పని మొక్కుబడిగా చేశాయి, కొన్ని అసలు చేయలేదు. 2023లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, రికార్డుల్లో ఉన్న అడవులకే దాని పరిధిని కుదించింది. 2024 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, జాబితా పూర్తయ్యేదాకా 1996 నాటి నిర్వచనమే పాటించమంది. 2025 మార్చి 4న మరో ఉత్తర్వు వచ్చింది: కమిటీలు లేని రాష్ట్రాలు నెలలో వేయాలి, ఆరు నెలల్లో జాబితా ముగించాలి, లేదంటే ప్రధాన కార్యదర్శులే జవాబుదారీ. కంచ గచ్చిబౌలిలో యంత్రాలు దిగింది ఈ ఉత్తర్వు వచ్చి నెల కూడా తిరక్కముందే.

ఈ తేదీలన్నీ ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. అడవి పోవడం గొడ్డలితో మొదలవదు. అంతకు ఇరవై, ముప్పై ఏళ్ల ముందు, ఎవరో గుమాస్తా ఒక సర్వే నంబరు పక్కన రాసిన వర్గీకరణతో మొదలవుతుంది. చిత్తూరు, కడప సీమల్లో ఆ వర్గీకరణలు రైతులందరికీ నోటికి వచ్చు: అనాధీనం, గయాలు, మేత పోరంబోకు, గుట్ట పోరంబోకు. ఆ గుట్ట మీద చిరుమాను, కలివి, బిల్లుడు, బలుసు, సీతాఫలం, మోదుగ పెరిగి నడుము ఎత్తున దట్టంగా ఉన్నా, అడుగున బోదగడ్డి మోకాలి దాకా ఉన్నా, రిజిస్టరులో అది ఎవరికీ పనికిరాని నేల. ఊరు పెరిగి అక్కడికి చేరిన రోజున ఆ రాతే దాని తలరాత.

మదనపల్లెకు పేరు తెచ్చింది గాలి. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, చుట్టూ కొండలు, పొడి చల్లదనం. 1910ల్లో క్షయరోగుల కోసం ఆరోగ్యవరం శానటోరియం ఇక్కడికి రావడానికి ఆ గాలే కారణం. మందులు లేని కాలంలో క్షయకు వైద్యమంటే మంచి గాలి, విశ్రాంతి, తిండి. డేనిష్ వైద్యుడు ఫ్రిమాట్ మోలర్ ఆ ఆస్పత్రిని ఆసియాలో పేరున్న క్షయ వైద్యశాలగా నిలబెట్టారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు విశ్రాంతి కోసం దిగింది కూడా ఈ ఊళ్లోనే. బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో ఉండగా ఆయన జనగణమనను ఆంగ్లంలోకి తెచ్చారు, మార్గరెట్ కజిన్స్ స్వరాన్ని స్థిరపరచారు. ఈ రెండు సంగతులూ మదనపల్లెలో బడిపిల్లలకు కూడా తెలుసు. వాళ్లను ఇక్కడికి రప్పించిన గాలి ఏ కొండల మీంచి వచ్చిందో ఆ కొండలకు మాత్రం ఎక్కడా శిలాఫలకం లేదు.

ఆ కొండల్లో పెద్దది హార్స్‌లీ కొండ. 1860ల్లో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ ఎండాకాలానికి అక్కడ ఇల్లు కట్టుకున్నాడు కనుక ఆ పేరు వచ్చింది. అప్పటికి మదనపల్లె కడప జిల్లాలో ఉండేది, చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో. అంతకు ముందు నుంచీ జనం పిలిచే పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన ఆడపిల్ల కథ దాని వెనక ఉంది. కొండ మీద తెల్లవాళ్లు నాటిన నీలగిరి చెట్లను యాత్రికులు తలెత్తి చూసి ఫొటోలు దిగుతారు. ఆ కొండ వాలులో, బండల మధ్య పొదల్లో ఉండే పసుపుపచ్చ గొంతు పికిలిపిట్టను మాత్రం పక్షుల కోసమే వచ్చినవాళ్లు తప్ప ఎవరూ చూడరు. ప్రపంచం మొత్తం మీద ఈ పిట్ట దక్షిణ భారతంలోని రాతికొండల్లోనే ఉంది. ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో దానికి చోటు దొరికింది. దానికి కావలసింది ఎత్తైన చెట్లు కాదు. బండరాయి, దాని సందులో పొద, పొదకు పండు, వాలులో నీటిచెమ్మ. అంటే సరిగ్గా ఆఫీసు భాషలో పనికిరాని గుట్ట.

పొడి అడవికి ఇదొక శాపం. జనవరి నుంచి మే దాకా ఆకు రాల్చి, ఎండి, బూడిదరంగుకు తిరుగుతుంది. ఆ నెలల్లోనే సర్వేలు చేస్తారు, కొలతలు తీస్తారు, ఉపగ్రహ చిత్రం చూసి పచ్చదనం లేదని తేలుస్తారు. రెండు వానలు పడితే పదిహేను రోజుల్లో అదే గుట్ట గుర్తుపట్టలేనంత మారిపోతుంది. పాడేరు అడవినో తలకోననో చూసిన కంటికి ఇది అడవిలా అనిపించకపోవడం సహజమే. కానీ ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్ల వాన పడే చోట అడవి ఇలాగే ఉంటుంది. ఇంతకన్నా పచ్చగా కనిపించేది ఏదైనా ఉంటే దానికి ఎవరో గొట్టంతో నీళ్లు పోస్తున్నారన్నమాట.

ఈ పొడి గుట్టలు అడవేనన్నది గాలి మాట కాదు, రుజువు మదనపల్లెకు కొద్ది దూరంలోనే ఉంది. మద్రాసు గిండీలో దివ్యజ్ఞానులు నడిపిన బడి 1931లో రిషివ్యాలీకి తరలింది. ఆ చోటును అంతకు ముందే జిడ్డు కృష్ణమూర్తి ఎంచుకున్నారు, ఆయన పుట్టింది మదనపల్లెలో, 1895లో. బడి వచ్చేనాటికి లోయలో ఒక పెద్ద మర్రి, చుట్టూ బోడికొండలు. కట్టెల కోసం, మేత కోసం, బొగ్గు కోసం తరతరాలుగా ఆ కొండలు ఒలిచిపోయాయి. 1980ల్లో బడివాళ్లు కొండవాలు కొంత తీసుకుని, పశువులు దూరకుండా చూసి, వాన నీరు జారిపోకుండా వాలుకు అడ్డంగా చిన్న కట్టలు వేశారు. కొన్ని చోట్ల నాటారు. చాలా చోట్ల నాటాల్సిన పనే లేకపోయింది. నరికిన మొదళ్ల నుంచే చిగుళ్లు లేచాయి, పిట్టలు తిని వేసిన గింజలు మొలిచాయి. నేలలో వేరు బతికి ఉండబట్టి అది సాధ్యమైంది. 1991లో ఆ లోయను పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. రెండు వందల దాకా పక్షి జాతులు అక్కడ నమోదయ్యాయి, పైన చెప్పిన పికిలిపిట్ట కూడా అందులో ఉంది. ఎస్. రంగస్వామి, ఎస్. శ్రీధర్ ఈ పనంతా 1993లో పుస్తకంగా తెచ్చారు.

రిషివ్యాలీ నేర్పే పాఠాన్ని పొరపాటుగా చదవడం తేలిక. కొండ బోడి అయినా తిరిగి వస్తుంది కదా, ఇప్పుడు నరికి తరువాత పెంచుకోవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. అక్కడ నేల మీద పచ్చదనం పోయింది గాని నేల పోలేదు. వేళ్లున్నాయి, పైమట్టి కొంత మిగిలింది, చుట్టుపక్కల కొండల్లో గింజనిచ్చే చెట్లు, గింజ మోసే పిట్టలు ఉన్నాయి. పొక్లెయినరు ఎక్కిన గుట్ట సంగతి వేరు. వేరు పెకలుతుంది, మట్టి లారీలో వెళ్తుంది, బండ పగిలి కంకరవుతుంది. అక్కడ వందేళ్లు ఆగినా తిరిగొచ్చేది ఏమీ ఉండదు. కంచ గచ్చిబౌలి వంద ఎకరాలకు పునరుద్ధరణ ప్రణాళిక అడిగిన కోర్టుకు ఈ తేడా తెలుసు. చదును చేసినవాళ్లకు తెలియదని అనుకోలేం.

ఆ బడి వదిలి వచ్చిన గిండీ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. చెన్నై నడిబొడ్డున రెండున్నర చదరపు కిలోమీటర్ల పైచిలుకు పొదల అడవి ఇవాళ్టికీ ఉంది. కృష్ణజింకలు, దుప్పులు అందులో తిరుగుతున్నాయి. గవర్నరు బంగళా తోటగా ఉన్న ఆ భూమిలో సంస్థలు, భవనాలు ఒక్కొక్కటే వచ్చి చాలా తిన్నాయి. 1978లో జాతీయ ఉద్యానంగా ప్రకటించడంతో మిగిలింది మిగిలింది. హైదరాబాదులో కేబీఆర్ పార్కు చుట్టూ నగరం మూసుకుపోయాక 1998లో అలాంటి ప్రకటనే దాన్ని నిలబెట్టింది. 2016లో ఫ్లైఓవర్ల కోసం దాని అంచున చెట్లు కొట్టబోతే నగరవాసులు రోడ్డెక్కగలిగారన్నా, హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లగలిగారన్నా, చేతిలో ఆ ప్రకటన కాగితం ఉండబట్టే.

పుంగనూరు పేరు చెబితే దేశమంతటికీ పొట్టి ఆవు గుర్తొస్తుంది. మూడడుగులు దాటని ఆ ఆవు ఇప్పుడు లక్షలు పలుకుతోంది, పెద్దవాళ్ల ఇళ్ల పచ్చికల్లో తిరుగుతోంది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఇంట్లో వాటికి మేత పెడుతున్న ఫొటోలు అందరూ చూశారు. ఆ జాతి అంతరించిపోకుండా పలమనేరు పశు పరిశోధన కేంద్రం దశాబ్దాల పాటు శ్రమించింది, అది గొప్ప పని. అయితే ఆ ఆవు ఏ ప్రయోగశాలలోనూ పుట్టలేదు. తక్కువ మేతతో, కొండవాలు గడ్డితో, ఎండు పొదల చిగురుతో బతకడానికి తయారైన జంతువది. దాన్ని అలా తీర్చింది పుంగనూరు చుట్టుపక్కల గుట్టలు, మేత బీళ్లు. ఆవును కాపాడుకుంటున్నామన్న సంతోషంలో ఆ బీళ్లు ఎన్ని మిగిలాయని అడిగేవాళ్లు లేరు. ఊరి మేత భూములు ఉమ్మడి ఆస్తులని, వాటి ఆక్రమణలను తొలగించాల్సిందేనని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. పుంగనూరు మేత పోరంబోకులకు ఆ తీర్పు అక్షరాలా వర్తిస్తుంది.

కుప్పం వైపు అడవి ఇంకా పెద్దది, దాని లెక్కా వేరు. 1980ల మొదట్లో కరువు రోజుల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగుల గుంపులు కుప్పం, పలమనేరు కొండల్లోకి వచ్చాయి. అంతకు ముందు కొన్ని తరాలుగా ఈ సీమవాళ్లు అడవి ఏనుగును చూడలేదు. వచ్చినవి ఉండిపోయాయి. 1990లో ప్రభుత్వం 357 చదరపు కిలోమీటర్లతో కౌండిన్య అభయారణ్యాన్ని ప్రకటించింది. పటంలో చూస్తే అది సన్నగా, పొడుగ్గా, చాలా చోట్ల నడుము చిక్కి కనిపిస్తుంది. ఏనుగుకు అది చాలదు. రాత్రి అడవిలోంచి దిగి చెరుకులో, వరిలో, మామిడితోపులో పడుతుంది, తెల్లవారేలోగా తిరిగి ఎక్కుతుంది. రైతు నష్టపోతాడు, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. కరెంటు తీగలకు ఏనుగులూ చనిపోతున్నాయి. 2023 జూన్‌లో పలమనేరు దగ్గర జాతీయ రహదారి దాటుతుండగా లారీ ఢీకొని మూడు ఏనుగులు ఒకేసారి మరణించాయి. 2025 మే నెలలో కర్ణాటక నుంచి అడవి ఏనుగులను తోలడానికి శిక్షణ పొందిన నాలుగు కుంకీ ఏనుగులు వచ్చాయి, పలమనేరు మండలం ముసలిమడుగులో శిబిరం పెట్టారు.

కుంకీలు గుంపును వెనక్కి తోలగలవు. వెనక్కి అంటే ఎక్కడికి? అభయారణ్యానికీ ఊరికీ మధ్య ఉన్న గుట్టలు, తోపులు, వంకల అంచు పొదలు ఏనుగుకు దారి, రైతుకు దూరం. ఆ మధ్య నేల క్వారీగానో లేఅవుటుగానో మారితే అడవి అంచూ పొలం గట్టూ ఒకటైపోతాయి. కందకం తవ్వినా, సోలారు కంచె కట్టినా ఆ దూరాన్ని తిరిగి తేలేం. గుట్టను కాపాడమంటే జంతువు కోసం మనిషిని వదులుకోమన్నట్టు వినేవాళ్లు కుప్పంలో ఉన్నారు. రాత్రి కాపలాకు మంచె ఎక్కే రైతుకు అన్నిటికన్నా ముందు కావలసింది ఆ గుట్టే.

కుప్పంలోనే మరో పెద్ద పచ్చటి నేల ద్రావిడ విశ్వవిద్యాలయం. 1997లో ఏర్పడింది, ఆవరణ వెయ్యి ఎకరాల పైమాట, పేరు శ్రీనివాసవనం. హైదరాబాదు విశ్వవిద్యాలయానికి 1974లో ఇచ్చిన 2,300 ఎకరాలు ఎలా తరుగుతూ వచ్చాయో చూసిన తరువాత, ఈ వెయ్యి ఎకరాల హద్దురాళ్లు, హక్కు పత్రాలు, అందులోని చెట్టూ పిట్టల జాబితా పకడ్బందీగా ఉన్నాయో లేదో అడగడానికి ఇదే సమయం. వృక్షశాస్త్రం చదివే పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. ఆ జాబితా ఆచార్యుల బీరువాలో ఉంటే చాలదు, ప్రభుత్వ దస్త్రంలోకి ఎక్కాలి.

తొందర ఎందుకంటే భూమి ధర తొందరపడుతోంది. మదనపల్లెకు బెంగళూరు దాదాపు నూట ఇరవై కిలోమీటర్లు. చెన్నై, బెంగళూరు మధ్య 262 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే చిత్తూరు జిల్లా గుండా పోతోంది. 2019లో పలమనేరు, కుప్పం, మదనపల్లె పట్టణాభివృద్ధి సంస్థ ఏర్పడింది, కుప్పానికి తరువాత విడిగా అభివృద్ధి సంస్థ వచ్చింది. 2025 ఆగస్టులో హంద్రీ నీవా నీళ్లు కుప్పం చేరాయి. ఇవన్నీ ఈ సీమకు కావలసినవే. కరువును కడుపులో మోసిన ప్రాంతానికి నీరు వద్దని, రోడ్డు వద్దని ఎవరూ అనలేరు. అయితే నీళ్లు, రోడ్లు వచ్చిన చోటికి లేఅవుట్లు వస్తాయి, లేఅవుట్లకు చదునైన పట్టా భూమి ఖరీదెక్కువ, గుట్ట పోరంబోకు చవక. మట్టి కావాలన్నా, కంకర కావాలన్నా, ఇళ్ల పట్టాలకు స్థలం కావాలన్నా, సబ్‌స్టేషను కావాలన్నా చూపు ముందుగా పడేది దాని మీదే.

కాగితం ఎంత బలహీనమైనదో కూడా మదనపల్లె చూసింది. 2024 జూలై 21 రాత్రి సబ్‌కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూముల దస్త్రాలు కాలిపోయాయి. దర్యాప్తు సీఐడీకి వెళ్లింది. ఎవరు, ఎందుకు అన్నది చట్టం తేల్చాల్సిన విషయం. ఊరికి మిగిలిన సంగతి ఒకటుంది: ప్రభుత్వ భూమి ఏది, నిషేధిత జాబితాలో ఉన్నది ఏది అన్న జ్ఞాపకం ఒక్క గదిలో ఉండకూడదు. గుట్టల జాబితా పంచాయతీలో, పురపాలక సంఘంలో, అటవీశాఖలో, జనం చేతిలో వేర్వేరుగా ఉండాలి.

జాబితా చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ, ప్రతి పురపాలక సంఘానికీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. చాలా చోట్ల ఆ రిజిస్టరు గడువు తీర్చడానికి రాసిన కాగితం. పక్క మండలం రిజిస్టరులోని పేర్లే ఇక్కడా కనిపిస్తాయి. దాన్ని తెరిచి, మేకలు కాసేవాళ్లను, నాటువైద్యులను, చింతపండు, సీతాఫలం, చీపురుపుల్ల ఏరి అమ్మే ఆడవాళ్లను కూర్చోబెట్టి తిరిగి రాయవచ్చు. ఏ గుట్ట మీద ఏ చెట్టుందో, అలుగు ఎక్కడ తిరుగుతుందో, దేవాంగపిల్లి ఏ తోపులో కనిపిస్తుందో ఉపగ్రహం కన్నా వాళ్లకు బాగా తెలుసు. అలాంటి రిజిస్టరు ఉన్న చోటును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించమని రాష్ట్రాన్ని అడిగే దారి అదే చట్టంలో ఉంది. హైదరాబాదు శివార్లలో అమీన్‌పూర్ చెరువుకు 2016లో ఆ గుర్తింపు దొరికింది.

ఇంకో దారి బెంగళూరు చూపింది. ఆ నగరానికి ఉత్తరాన హెసరఘట్ట గడ్డిబీడు ఉంది. చెట్లు తక్కువ, గడ్డి ఎక్కువ, కనుక ఖాళీ జాగా అన్నారు. సినిమా నగరం కడదామన్నారు. పక్షులను చూసేవాళ్లు, శాస్త్రవేత్తలు, స్థానికులు ఏళ్ల తరబడి పట్టు వదల్లేదు. 2024లో కర్ణాటక ప్రభుత్వం 5,678 ఎకరాలను సంరక్షణ రిజర్వుగా ఆమోదించింది. ఈ రకం రిజర్వు ప్రభుత్వ భూమికే వర్తిస్తుంది, చుట్టుపక్కల ఊళ్లతో సంప్రదించాకే ఏర్పడుతుంది, నిర్వహణ కమిటీలో పంచాయతీలకు చోటుంటుంది. అభయారణ్యం అనగానే బెదిరే రైతుకు నచ్చజెప్పడానికి ఇది తేలికైన రూపం. హార్స్‌లీ కొండ దిగువ గుట్టలకు, కౌండిన్య అంచు పోరంబోకులకు ఇది సరిగ్గా సరిపోతుంది.

మేకలవాళ్ల మాట ప్రత్యేకంగా చెప్పాలి. అడవి రక్షణ అనే ప్రతి పథకం మొదట కంచె వేసి వాళ్లనే బయటకు పంపుతుంది. క్వారీ లీజు తీసుకున్న లారీ మాత్రం గేటు తెరిపించుకుని లోపలికి పోతుంది. ఇది అన్యాయం, పైగా తెలివితక్కువ పని. గుట్టకు రోజూ వెళ్లే మనిషి బయటకు పోయిన రోజు నుంచి ఆ గుట్టకు సాక్షి ఉండదు. వాలులో కొంత భాగం మూడేళ్లు వదిలి, తరువాత ఇంకో భాగం వదిలి, మేతను వంతులుగా తిప్పుకునే పద్ధతి కాపరులకు కొత్త కాదు. ప్రభుత్వమిచ్చిన డీకేటీ పట్టా మీద నాలుగు ఎకరాలు దున్నుకుంటున్న దళిత కుటుంబాన్ని ఆక్రమణదారుగా చూపించే రక్షణ కూడా రక్షణ కాదు. గుట్టను తిన్నది ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు.

ఇక మొక్కలు నాటే ఉత్సవాల సంగతి. 2015లో తెలంగాణకు హరితహారం, ఆ మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్‌కు వనం మనం వచ్చాయి. మంచి ఉద్దేశంతో మొదలైన పనులే. లెక్క చూపించాల్సి వచ్చేసరికి త్వరగా పచ్చగా కనిపించే మొక్కకు గిరాకీ పెరిగింది. అలా రోడ్ల వెంట కోనోకార్పస్ వరసలు లేచాయి. తరువాత తెలంగాణ ప్రభుత్వమే వాటిని నాటొద్దంది. కొట్టేసిన చెట్టుకు బదులు ఇంకెక్కడో నాటుతామన్న మాట నిర్మాణ అనుమతుల్లో ఇప్పుడు మామూలు వాక్యం. రామయ్య గింజలేసింది ఖాళీ గట్ల మీద, చెట్టు లేని రోడ్ల పక్కన. నిలిచిన అడవిని కొట్టి ఆ లెక్క ఆయన ఖాతాలో వేయడం ఆయన పేరును దుర్వినియోగం చేయడమే. ఆయన విగ్రహాలు పెట్టే పట్టణాలు ఈ సంగతి ముందు ఆలోచించాలి.

మదనపల్లెలో బాహుదా ఒడ్డునో, పుంగనూరు చెరువు కట్ట మీదో నిలబడి చూస్తే చుట్టూ గుట్టలు ఇంకా ఉన్నాయి. మదనపల్లె వాలు నీరు బాహుదాలో పడి చెయ్యేరు మీదుగా పెన్నకు పోతుంది. కుప్పం, కౌండిన్య నీరు పాలారు చేరి తమిళనాడుకు పోతుంది. రెండు నదులకు పోయే ఈ నీటి తొలి చినుకు అందుకునేది ఈ పొదలే. వేసవిలో వెయ్యి అడుగుల బోరు వేసి దుమ్ము తీసిన రైతుకు, పైన గుట్ట ఒట్టిపోయిందా నిండుగా ఉందా అన్నది లాభనష్టాల లెక్క.

పట్టణాభివృద్ధి సంస్థలు మాస్టర్ ప్లాన్ తయారుచేసినప్పుడు ముసాయిదా పటాన్ని జనం ముందు పెట్టి అభ్యంతరాలు కోరడం చట్టం విధించిన పద్ధతి. ఆ పటంలో ప్రతి సర్వే నంబరుకూ ఒక రంగు వేస్తారు: నివాసం ఒక రంగు, వాణిజ్యం ఒక రంగు, పరిశ్రమ ఒకటి, పచ్చదనం ఒకటి. అభ్యంతరం రాసేవాళ్లలో ఎక్కువమంది సొంత స్థలానికి రోడ్డు తగిలిందని రాస్తారు. గుట్ట తరఫున రాసేవాళ్లుండరు. 2025 మార్చి 4 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు, 1996 నాటి తీర్పు, జగ్‌పాల్ సింగ్ తీర్పు, ఊరి జీవవైవిధ్య రిజిస్టరు నకలు, సర్వే నంబరు, వానాకాలంలో తీసిన ఫొటో: ఇవి జత చేసిన ఒక్క అర్జీ, పంచాయతీ తీర్మానంతో సహా, గడువులోగా అందితే ఆ సంస్థ దాన్ని పరిశీలించాలి. కాలేజీ పిల్లలు, పింఛను తీసుకుంటున్న రెవెన్యూ ఉద్యోగులు, ఇద్దరు ముగ్గురు కాపరులు కలిస్తే ఒక మండలంలోని గుట్టలన్నిటికీ ఒక వానాకాలంలో ఆ కాగితాలు సిద్ధం చేయవచ్చు. సర్వే నంబర్లు తెలిసినవాళ్లు ఈ మూడు ఊళ్లలోనూ ఉన్నారు. మొదలుపెట్టాల్సింది హార్స్‌లీ కొండ దిగువ నుంచా, పుంగనూరు మేత బీళ్ల నుంచా, కుప్పం కౌండిన్య అంచు నుంచా అన్నది ఆయా ఊళ్లవాళ్లు కూర్చుని తేల్చుకోవాలి. ఈ ఏడు తొలకరికే పని మొదలుకావాలి.